పత్తిచేలో గుంటక సరిగా నడవకపోతే: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

పత్తి సాళ్ల మధ్య గడ్డిని కోసే గుంటకను ఎద్దులతో తోలేటప్పుడు ఏ చిన్న తేడా వచ్చినా ముందు దెబ్బలు తినేవి ఎద్దులే. నిజానికి తప్పు చాలావరకు నేల తడిలోనో, పాస (గుంటక కింద అడ్డంగా ఉండి గడ్డిని కోసే ఇనుప బద్ద) పదునులోనో, కాడి కట్టులోనో ఉంటుంది. అందుకే ముందు నేలను చూడండి, తర్వాత పాసను, ఆ తర్వాత కట్టును. ఎద్దుల సంగతి చివరికి.

పాసకు మట్టి ముద్దలుగా అంటుకుంటోంది

నేల ఆరకముందే చేలోకి దిగారన్నమాట. రేగడిలో ఇది మరీ ఎక్కువ. పది బారలు వెళ్లేసరికి పాస కనిపించకుండా మట్టి కప్పేస్తుంది, గుంటక గడ్డిని కోయడం మాని ఈడ్చుకుపోతుంది. రెండంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి ముద్ద చేయండి. ఆ ముద్దను నడుము ఎత్తు నుంచి వదలండి. పడి పొడిపొడిగా విడిపోతే అదును వచ్చినట్టే. ముద్ద ముద్దగానే ఉండిపోయినా, అరచేతికి జిగురుగా అంటుకున్నా గుంటకను గట్టు మీదే ఉంచండి. అసలు ముద్దే కట్టకపోతే అదును దాటిపోయింది. తడి రేగడిని తొక్కిస్తే ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది, తెగిన గడ్డి కూడా ఆ తడికే మళ్లీ వేరు తొడుగుతుంది. ఎర్ర చల్కా త్వరగా ఆరుతుంది, రేగడికి ఎక్కువ రోజులు పడుతుంది. వాన వెలిసి ఎన్నాళ్లయిందని లెక్కపెట్టడం కంటే పిడికిలి పరీక్షను నమ్మడం మంచిది.

పాస లోపలికి దిగక పైపైనే జారుతోంది

అదును దాటి నేల గట్టిపడితే ఇలా అవుతుంది. నేల బాగానే ఉంటే పాసను తిరగేసి అంచు మీద బొటనవేలి గోరును అడ్డంగా ఆనించండి. పదునుంటే గోరు పట్టుకుంటుంది, అంచు గుండ్రబడితే జారిపోతుంది. గుండ్రబడిన పాసను ఆకురాయితో రాస్తే ఒక పూట గడుస్తుంది, అంతే. కమ్మరి కొలిమిలో కాల్చి అంచు సాగగొట్టించాల్సిందే.

పదును ఉన్నా దిగడం లేదంటే పాస వాలు చూడాలి. కాడికీ గుంటకకూ మధ్య దూరాన్ని ఒక బెత్తెడు పెంచి కడితే పాస అంచు కిందికి వంగి దిగుతుంది. తగ్గిస్తే తేలుతుంది. ఎత్తైన ఎద్దులు కట్టినప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. చాలామంది ఈ సర్దుబాటు చేయకుండా గుంటక మీద రాయి పెడతారు. బరువు ఎద్దుల మెడ మీద పడుతుంది, లోతు మాత్రం సమంగా రాదు. బరువు కోసం పిల్లవాణ్ణి ఎక్కించడం చూశాను. దయచేసి ఆ పని చేయకండి, జారితే కాలు పాస కిందికే వెళుతుంది.

గుంటక ఒక పక్కకు లాగి మొక్కలను కోస్తోంది

పాసను పట్టుకున్న రెండు కొయ్యలను కదిపి చూడండి. ఒకటి వదులైతే చీలిక కొట్టి బిగించండి. రెండూ గట్టిగానే ఉంటే కాడిని చూడాలి. వలపటెద్దు బలంగా ఉండి దాపటెద్దు వెనకబడుతుంటే కాడికి గుంటకను కట్టిన చోటును బలమైన ఎద్దు వైపు రెండు మూడు వేళ్లు జరపండి. బరువులో ఎక్కువ పాలు దాని మీదికి వెళ్లి రెండూ సరిసమానంగా నడుస్తాయి. మూడడుగుల సాలులో రెండడుగులకు మించిన పాస వద్దు. మొక్క కొమ్మలు చాచాక ఒకటిన్నర అడుగు చాలు.

నిలువు బాగానే ఉంది, అడ్డం తోలితే మొక్కలు పోతున్నాయి

ఈ తప్పు విత్తిన రోజు జరిగింది. నిలువు, అడ్డం రెండు వైపులా అచ్చు (గింజ వేసే చోటు తెలిపే గీతలు) తోలి, గీతలు కలిసిన చోటే గింజ వేస్తే గుంటక రెండు దిక్కులా తిరుగుతుంది, కూలి చాలా తగ్గుతుంది. అడ్డపు అచ్చు వంకర పోతే, లేదా గింజ బెత్తెడు దూరంలో పడితే ఆ మొక్క పాసకు అడ్డం వస్తుంది. అలాంటి చేలో ఈ ఏడు అడ్డం తోలకండి, మొక్కల మధ్య గడ్డిని చేత్తోనే తీయించండి. వచ్చే ఏడు తాడు పట్టి అచ్చు వేయండి.

అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులకూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడ పత్తిని సాలులో ఒత్తుగా విత్తి, మొలిచాక పారతో మధ్య మొక్కలు నరికి ఎడం చేసేవారు. ఆ పని కోసం 19వ శతాబ్దిలోనే గుర్రాలు, కంచరగాడిదలు లాగే యంత్రాలు తయారుచేశారు. చక్రం తిరిగే కొద్దీ పార కొలత ప్రకారం సాలును నరుకుతుంది. ఏది బలమైన మొక్క, ఏది పీలమొక్క అన్నది దానికి తెలియదు. 20వ శతాబ్ది మధ్య దాకా అక్కడ చేతి పార పోలేదు. మన అడ్డపు గుంటకకూ కళ్లు లేవు, దాని చూపంతా అచ్చు గీతలోనే ఉంది.

కుదురుకు రెండు మొక్కలు మొలిస్తే పది పదిహేను రోజుల లోపే పీలదాన్ని తీసేయండి. నేల గట్టిగా ఉంటే పీకవద్దు, పక్క మొక్క వేరు కదులుతుంది. మొదట్లో గోటితో గిల్లేస్తే చాలు.

వారం తిరక్కుండానే గడ్డి మళ్లీ లేచింది

తుంగ అయితే దాని గడ్డలు పాస లోతుకు కింద ఉంటాయి. గరిక అయితే తెగిన ప్రతి కణుపూ కొత్త మొక్క. గునుగు లాంటివి ఎండకు చస్తాయి కాబట్టి మబ్బు లేని పొద్దున తోలి మధ్యాహ్నపు ఎండకు వదిలేయండి. గరికను మాత్రం దంతెతో (పళ్లున్న పనిముట్టుతో) లాగి, ఏరి గట్టు దాటించాలి.

తోలిన మర్నాడు మొక్కలు వాడుతున్నాయి

లోతు ఎక్కువైంది. పత్తికి తల్లివేరు లోతుకు పోయినా మేత తెచ్చే పిల్లవేర్లు చాలావరకు పైమట్టిలోనే పరచుకుంటాయి. రెండంగుళాలు దాటనివ్వకండి. సాళ్లు కమ్ముకుని పూత మొదలయ్యాక గుంటక మానేయండి.

ఎద్దు మధ్యలో ఆగిపోతోంది

పత్తి ఆకు కోసం ఆగుతుంటే మూతికి చిక్కం కట్టండి. లేదంటే కాడి ఎత్తి మెడ తడమండి. వేడిగా, వాపుగా తగిలినా, ఒక్కచోట వెంట్రుక ఊడినా అక్కడితో తోలడం ఆపండి. ఆ చోట కాడి గరుకుగా ఉంటే చిత్రిక పట్టించి నున్నగా చేయించండి. వాపు పూర్తిగా తగ్గేదాకా ఆ మెడ మీద కాడి పెట్టకండి.