అన్నం మానే ముందు మందుల చీటీ తీయండి

సంక్రాంతి అరిసెలు, జంతికలు డబ్బాల అడుగుకు చేరే రోజుల్లో మా మందుల దుకాణంలో గ్లూకోమీటర్ స్ట్రిప్పులకు గిరాకీ పెరుగుతుంది. మాఘమాసం పెళ్లిళ్లలోగా నాలుగు కిలోలైనా తగ్గాలన్నది చాలామంది పట్టుదల. ఎంచుకునే దారి కూడా దాదాపు ఒక్కటే. అన్నం మానేయడం.

పది రోజుల క్రితం మా పక్క వీధిలో అరవై దాటిన పెద్దాయన తెల్లవారుజామున చెమటతో తడిసిపోయి, పిలిచినా పలకని స్థితిలో ఇంట్లోవాళ్లకు కనిపించారు. అందరూ గుండెపోటే అనుకున్నారు. ఆసుపత్రిలో చూస్తే షుగరు నలభై కూడా లేదు. సమయానికి చేర్చారు కాబట్టి బతికారు. వారం రోజులుగా ఆయన రాత్రిపూట అన్నం మానేసి, కీరదోస ముక్కలు, గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంటున్నారు. అందులో తప్పు లేదు. భోజనానికి ముందు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్రను మాత్రం ఎప్పటిలాగే, ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నారు. ప్రాణం మీదికి తెచ్చింది అదే.

పంచదార, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు మానమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవి మీకు తెలుసు. టీలో పంచదార మానేసి ఆసుపత్రి పాలైనవారిని నేను చూడలేదు. అన్నం మానేసి, మందులు అలాగే ఉంచి పడిపోయినవారిని మాత్రం ఏటా చూస్తున్నాను. కంచం మారితే చీటీ మారాలి. ఈ వ్యాసంలో ఈ మాట ఇంకా చాలాసార్లు వస్తుంది, ఓపిక పట్టండి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్

కప్పు అన్నంలో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకు మూడు కప్పులు తినేవారు ఒక్కసారిగా మానేస్తే 120 గ్రాములు తగ్గినట్లు. డాక్టరు మీ మందు డోసు నిర్ణయించింది మీరు ఆ మూడు కప్పులు తింటున్న రోజుల్లో చేసిన రక్తపరీక్ష చూసి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే మాత్రలు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారా లేదా అన్నది వాటికి పట్టదు. సూదితో తీసుకునే ఇన్సులిన్ సంగతి చెప్పనక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం బాగా తక్కువ.

చిక్కేమిటంటే, తాము ఏ మాత్ర వేసుకుంటున్నారో చాలామందికి తెలియదు. “నాది మామూలు మెట్‌ఫార్మినే అండీ” అంటారు. స్ట్రిప్పు తిప్పి చూస్తే పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు, దాని పక్కన ఎం1, ఎం2 వంటి గుర్తు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ అని కూడా ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవండి. కంటికి ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. లేదా ఏ మందుల దుకాణంలోనైనా చదివించుకోండి, దానికి ఎవరూ డబ్బు అడగరు.

ఆ స్ట్రిప్పు మీద వోగ్లిబోస్ లేదా అకార్బోస్ అని కూడా ఉంటే మరో జాగ్రత్త అవసరం. ఈ మందులు పేగుల్లో పంచదార విడిపోకుండా ఆపుతాయి. అంటే షుగరు పడిపోయినప్పుడు పంచదార నీళ్లు, చాక్లెట్, బిస్కెట్ ఇచ్చినా వెంటనే పనిచేయవు. గ్లూకోజు పొడే ఇవ్వాలి. డబ్బా ఖరీదు ఎంతో కాదు, ఇంట్లో ఉంచండి.

షుగరు బాగానే చూపిస్తూ ప్రాణం తీసే రకం

ఇది ఇంకా మోసకారి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉంటే ఈ రకమే. రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులు, వాటిని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2020లో మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ మీద పేటెంటు ముగిశాక ధర తగ్గి ఇంటింటికీ చేరింది. అన్నం మానే సరదా కూడా దాదాపు అదే కాలంలో ఇంటింటికీ చేరింది.

పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు తయారవుతాయి. ఈ మందు కూడా కీటోన్లను పెంచుతుంది. రెండూ కలిసినప్పుడు కొందరిలో అవి హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే ఈ మందుల విషయంలో హెచ్చరిక ఇచ్చింది. మామూలుగా ఈ స్థితిలో షుగరు మూడు వందలు, నాలుగు వందలు చూపిస్తుంది కాబట్టి ఎవరైనా కంగారుపడతారు. ఈ మందు వాడేవారిలో 250 లోపే ఉండవచ్చు, 160 కూడా ఉండవచ్చు. వాంతులు, కడుపునొప్పి, నీరసం, ఎగశ్వాస వస్తాయి. ఇంట్లోవాళ్లు గ్లూకోమీటర్ చూసి “షుగరు బాగానే ఉంది, గ్యాస్ అయి ఉంటుంది” అని సోడా తాగిస్తారు. అలా పోయే గంటలు తిరిగి రావు. ఈ మందు వాడుతూ అన్నం మానినవారికి వాంతులు మొదలైతే ఆసుపత్రికి వెళ్లి, మందు పేరు చెప్పి, కీటోన్ల పరీక్ష చేయమని మీరే అడగండి.

ఇది మహాశివరాత్రి ఉపవాసానికీ, రంజాన్ రోజాకూ వర్తిస్తుంది. దేవుడి కోసం మానినా నడుము కోసం మానినా మందుకు తేడా తెలియదు. కంచం మారితే చీటీ మారాలి.

బీపీ మాత్రలు

అన్నం మానిన మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గి సంబరపడతారు. అందులో చాలా భాగం నీరే. కాలేయం, కండరాలు దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయ్యాక నీరూ పోతుంది, ఉప్పూ పోతుంది, బీపీ తగ్గుతుంది. అప్పటికే టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ వంటి నీరు పోయే మందు వాడుతుంటే, రాత్రి మూత్రానికి లేచినప్పుడు కళ్లు తిరిగి పడతారు. డెబ్బై ఏళ్ల వయసులో తుంటి ఎముక విరిగితే తగ్గిన మూడు కిలోలకు అర్థం ఉండదు. ఫిబ్రవరి దాటి ఎండ ముదిరితే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

డాక్టరును ఏమని అడగాలి

“డైటింగ్ చేయవచ్చా?” అని అడిగితే “చేయండి, మంచిదే” అంటారు. ఆ జవాబు మీకు పనికిరాదు. ఇలా అడగండి: “సోమవారం నుంచి రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టె తింటాను. ఈ మాత్రల్లో ఏది తగ్గించాలి, ఎంత తగ్గించాలి, షుగరు ఏయే వేళల్లో చూసుకోవాలి?” స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఎవరికి వారు మాత్రను సగానికి విరవడం, పూర్తిగా ఆపేయడం కూడా ఇదే తప్పుకు రెండో ముఖం. టైప్ 1 షుగరు ఉన్నవారు ఇన్సులిన్ ఆపకూడదు, ఒక్క రోజు కూడా.

వేగం గురించి ఒక్క మాట. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు వారానికి అర కిలో తగ్గడం క్షేమమంటాయి. రోజు ఆహారం వెయ్యి కిలోక్యాలరీల కన్నా తగ్గకూడదని కూడా అంటాయి. వారంలో ఐదు కిలోలు తగ్గిస్తామనే వీడియో కనిపిస్తే ఈ రెండు అంకెలు గుర్తుచేసుకోండి. నా మాట అడిగితే, మూడు కప్పులను రెండు చేయండి, నెల తర్వాత ఒకటిన్నర చేయండి. దీనికి వీడియో తీసేవారు ఎవరూ ఉండరు, నిజమే.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

షుగరు 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ తాగాలి.

స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. నీళ్లు కూడా. 108కి ఫోన్ చేయండి.

గ్లిమెపిరైడ్ వాడేవారు గ్లూకోజు తాగి లేచి కూర్చున్నారని వదిలేయకండి. ఆ మందు ఒంట్లో చాలా గంటలు పనిచేస్తుంది, షుగరు మళ్లీ పడిపోతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మెటోప్రొలాల్ వంటి గుండె మాత్రలు వాడేవారికి షుగరు పడినప్పుడు గుండెదడ, వణుకు బయటికి తెలియకపోవచ్చు. చెమటను గమనించండి.

కొత్త పద్ధతి మొదలుపెట్టిన వారంలో పొద్దున్నే ఖాళీ కడుపుతో మోటార్‌సైకిల్ నడపవద్దు.

అన్నంతో పాటు ఉప్పు కూడా పూర్తిగా మానేయవద్దు. నీరు పోయే బీపీ మాత్ర వాడే పెద్దవారిలో సోడియం పడిపోయి మతి తప్పి మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు.

‘తక్కువ సోడియం ఉప్పు’ ప్యాకెట్‌లో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్ లేదా స్పైరనోలాక్టోన్ వాడుతున్నా డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. అలాంటివారు రోజూ కొబ్బరినీళ్లు కూడా తాగవద్దు.

కూల్‌డ్రింకు మానేసి, ఓఆర్‌ఎస్ అనుకుని రంగుల పెట్టె కొనవద్దు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి తీపి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ కొనండి. షుగరు ఉన్నవారు దాన్ని కూడా దాహానికి తాగవద్దు, విరేచనాలైనప్పుడు మాత్రమే.

వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడేవారు అన్నం బదులు పాలకూర, తోటకూర కంచం నిండా పెట్టుకోవద్దు. మందు బలం తగ్గిపోతుంది. ఆకుకూర ఎంత తినేవారో అంతే తినాలి, లేదా రక్తపరీక్ష చేయించుకుని డోసు మార్పించుకోవాలి. ఇక్కడ కూడా కంచం మారితే చీటీ మారాలి.

మానసిక జబ్బుకు లిథియం వాడేవారు ఉప్పు తగ్గించవద్దు.

గర్భిణులు అన్నం మానవద్దు. పాలిచ్చే తల్లులు కూడా మానవద్దు.

పిల్లలకు అసలే వద్దు. 2025 మార్చిలో కేరళలో ఒక టీనేజీ అమ్మాయి బరువు తగ్గాలని తిండి దాదాపు మానేసి చనిపోయిందని వార్తలు వచ్చాయి. మీ ఇంట్లో పిల్ల కంచం గదిలోకి తీసుకెళ్లి తింటోందా, వదులు బట్టలే వేసుకుంటోందా, నెలసరి ఆగిందా చూడండి. తిట్టవద్దు, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

అన్నం మానేసి మద్యం తాగేవారికి: ఖాళీ కడుపున మద్యం పడితే కాలేయం చక్కెర తయారు చేయడం తగ్గించేస్తుంది. పైన షుగరు మాత్ర ఉంటే చెప్పనక్కర్లేదు. రోజూ ఎక్కువగా తాగేవారు బరువు కోసం ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, ఫిట్స్ వస్తాయి. మానండి, కానీ డాక్టరు పర్యవేక్షణలో మానండి.

కుడి పక్కన డొక్కలో, పక్కటెముకల కింద నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో చూపించుకోండి. చాలా వేగంగా తగ్గేవారికి వస్తాయి.

కిడ్నీ జబ్బు ఉంటే ప్రోటీన్ పొడి డబ్బా వెనక్కి ఇచ్చేయండి.

పక్కింటివారి డోసు మీ డోసు కాదు.

ఉగాది వస్తుంది, పెళ్లి భోజనాలు వస్తాయి, పట్టుదల సడలి అన్నం మళ్లీ కంచంలోకి వస్తుంది. అందరికీ అంతే, సిగ్గుపడే పని లేదు. కానీ అప్పటికి డాక్టరు మందు తగ్గించి ఉంటారు. పాత భోజనం, తగ్గించిన మందు కలిస్తే షుగరు మూడు వందలు దాటుతుంది. కంచం మళ్లీ మారితే చీటీ మళ్లీ మారాలి.

మీరు ఏమి మానేశారో, ఏ రోజు మానేశారో ఇంట్లో ఒకరికి చెప్పండి. మీరు పలకలేని స్థితిలో ఉంటే డాక్టరుకు చెప్పేది వాళ్లే. వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒకే డబ్బాలో పెట్టి, అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకుని ఎక్కమనండి.