ఒకేలా కనిపించే ఇంగ్లీషు విశేషణాలను విడదీసి నేర్చుకోవడం ఎలా?

నా పాత నోటుపుస్తకంలో ఒకచోట ‘హిస్టారిక్: చారిత్రక’ అని, నాలుగు పేజీల తర్వాత ‘హిస్టారికల్: చారిత్రక’ అని ఉంటుంది. అర్థం ఒకటే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడేదాన్ని. ఒకసారి అనువాదంలో పాత దస్తావేజులను ‘హిస్టారిక్’ అని రాస్తే, దాన్ని సరిచూసిన పెద్దాయన అడిగారు: ‘‘ఈ కాగితాలు చరిత్రను మలుపు తిప్పాయా అమ్మా?’’

తిప్పలేదు. అవి గతానికి సంబంధించిన కాగితాలు, అంతే. గతానికి సంబంధించింది ఏదైనా హిస్టారికల్. చరిత్రలో నిలిచిపోయేది మాత్రమే హిస్టారిక్: 1969 జులై 20న మనిషి చంద్రుడిపై దిగడం లాంటిది.

ఆ రోజు నుంచి విశేషణం పక్కన అర్థం రాయడం మానేసి, దానితో జతకట్టే రెండు నామవాచకాలు రాస్తున్నాను. మీరూ అలాగే చేయండి. ‘ఎకనామిక్’ పక్కన విధానం, సంక్షోభం. ‘ఎకనామికల్’ పక్కన తక్కువ ఇంధనంతో నడిచే కారు, ఆచితూచి ఖర్చుపెట్టే మనిషి. రెండింటికీ ‘ఆర్థిక’ అని రాసుకుంటే రెండోదానిలోని పొదుపు జారిపోతుంది. అలాగే ఎలక్ట్రిక్ కారు, ఎలక్ట్రిక్ గిటార్. కానీ ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఎలక్ట్రికల్ పరికరాలు.

కొన్ని జంటల్లో తేడా అర్థంలో కాదు, మర్యాదలో ఉంటుంది. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పితే ఎదుటివారి మనసు నొచ్చుకుంటుంది. థిన్, స్లిమ్, స్కిన్నీ మూడూ సన్నగా ఉండటమే. కానీ స్లిమ్ అంటే నాజూకు, స్కిన్నీ అంటే చాలాసార్లు బక్కచిక్కడం. చైల్డ్‌లైక్‌లో పసిమనసు పట్ల ముచ్చట ఉంది. పెద్దవాళ్లను చైల్డిష్ అంటే ‘ఏమిటీ చిన్నపిల్లల చేష్టలు’ అని మందలించినట్టే. ఈ మాట ఆ మనిషి ముఖం మీద అనగలనా అని ఒకసారి ప్రశ్నించుకుంటే చాలు, తేడా తెలిసిపోతుంది.

తెలుగు అడ్డు వస్తుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. సరైన తెలుగు మాట దొరికితే అదే దారి చూపిస్తుంది. కంటిన్యువస్, కంటిన్యువల్ నాకు ఏళ్ల తరబడి కలిసిపోయేవి. రెండింటికీ నిఘంటువు ‘నిరంతర’ అనే చెప్పింది. ఒక వానాకాలం సాయంత్రం ‘తెరిపి’ అనే మాట తట్టింది. తెరిపి ఇవ్వకుండా కురిసే వాన కంటిన్యువస్. కురిసి, ఆగి, మళ్లీ మళ్లీ కురిసేది కంటిన్యువల్. ఇంగ్లీషు వాళ్లందరూ ఈ తేడా పాటించరు, నేను పాటిస్తాను. నా పుస్తకంలో ఈ జంట పక్కన ఇప్పుడు ఒక్క ప్రశ్నే ఉంది: ‘మధ్యలో తెరిపి ఉందా?’