రక్తం ఎక్కించుకునే ముందు హెపటైటిస్ బి గురించి ఇవి చూసుకోండి

మా పిన్నికి గర్భసంచి ఆపరేషన్‌లో రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు, రెండేళ్ళకి వేరే పని మీద టెస్టులు చేయిస్తే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నట్టు. ఆ రక్తం వల్లే అని ఇంట్లో ఒకటే గోల. కానీ తేల్చేదెలా? ఆపరేషన్‌కి ముందు టెస్ట్ చేసే ఉంటారు, ఆ ఫైలేమో ఇల్లు మారినప్పుడు పోయింది, బ్యాగ్ నంబర్లు ఎవరూ రాసుకోలేదు, పుట్టినప్పుడే వాళ్ళమ్మ నుంచి వచ్చి ఇన్నాళ్ళూ బయటపడకుండా ఉందేమో అదీ తెలీదు.

అందుకే మొదటి పని, ఆపరేషన్ డేట్ అనుకోగానే హెచ్‌బీఎస్‌ఏజీ చేయించి రిపోర్ట్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. టీకాకి ముందే చేయించండి, ఎందుకంటే టీకా వేసుకున్న రెండు వారాల్లోపు చేస్తే ఒక్కోసారి ఉత్తినే పాజిటివ్ చూపిస్తుంది (ఇదో తలనొప్పి). నెగటివ్ వస్తే టీకా మొదలుపెట్టేయండి, ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. తలసేమియా (పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవ్వని జబ్బు) ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కాల్సిందే కాబట్టి వాళ్ళు అస్సలు లేట్ చెయ్యకూడదు, మూడు డోసులయ్యాక టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీ లెవెల్ 10 (mIU/ml) దాటిందో లేదో కూడా చూపించుకోవాలి.

ఐరన్ తక్కువై హిమోగ్లోబిన్ పడిపోయి, ఆపరేషన్‌కి టైమ్ ఉంటే ఐరన్‌తోనే సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి.

ఇక రక్తం సంగతి. మన దేశంలో ప్రతి బ్యాగ్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా టెస్టులు తప్పనిసరి. మరి రిస్క్ ఎక్కడుందంటే, డోనర్‌కి ఈమధ్యే వైరస్ సోకితే కొన్ని వారాల దాకా మామూలు టెస్ట్‌కి దొరకదు, కొందరిలో పాత ఇన్ఫెక్షన్ కూడా హెచ్‌బీఎస్‌ఏజీకి అందకుండా దాక్కుని ఉంటుంది. నాట్ టెస్ట్ వైరస్ డీఎన్‌ఏనే వెతుకుతుంది కాబట్టి ఆ గ్యాప్ తగ్గుతుంది, పూర్తిగా పోదు. అన్ని చోట్లా నాట్ చెయ్యరు, కాబట్టి బ్లడ్ బ్యాంక్‌లో "నాట్ చేసిన బ్లడ్ ఉందా" అని నోరు తెరిచి అడగండి. అలాగని రక్తస్రావం అవుతుంటే నాట్ కోసం కూర్చోవద్దు, ఉన్నది ఎక్కించెయ్యాలి.

బావమరిది రక్తం అయితే సేఫ్ అనే మాట మాత్రం నేను నమ్మను. నలుగురి ముందు "నాకు కామెర్లొచ్చాయి, ఇవ్వలేను" అని ఎవడు చెప్తాడు? రెగ్యులర్‌గా స్వచ్ఛందంగా ఇచ్చేవాళ్ళ రక్తమే మేలు. డబ్బులకి రక్తం అమ్మడం 1998 నుంచే బ్యాన్, గేటు దగ్గర ఎవడైనా బేరమాడితే దూరం పెట్టండి.

బ్యాగ్ తగిలించే ముందు లేబుల్ ఫోటో తీయండి, నంబర్, గ్రూప్, ఎక్స్‌పైరీ, టెస్టులు నెగటివ్ అన్నది కనపడాలి.

తర్వాత మూడో నెల, ఆరో నెల మళ్ళీ హెచ్‌బీఎస్‌ఏజీ. మధ్యలో కళ్ళు పచ్చబడినా మూత్రం ముదురు రంగులో వచ్చినా పసరు మందుకి పరిగెత్తకుండా డాక్టర్ దగ్గరికెళ్ళండి. పాజిటివ్ వస్తే బ్యాగ్ నంబర్‌తో బ్లడ్ బ్యాంక్‌కి చెప్పండి, వాళ్ళు ఆ డోనర్‌ని పిలిచి చూడగలరు. పెద్దవాళ్ళలో కొత్తగా సోకితే ఎక్కువమందికి దానంతటదే పోతుంది, ఆరు నెలలు దాటినా ఉంటేనే క్రానిక్ అంటారు. కంచం వేరు పెట్టక్కర్లేదు, రేజర్, బ్రష్ వేరు పెడితే చాలు, భార్యాభర్తల్లో రెండోవాళ్ళకి టెస్ట్, టీకా తప్పదు.

పిన్నికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్నది) తక్కువే ఉంది, ప్రస్తుతానికి మందులు వద్దన్నారు, ఆరు నెలలకోసారి చెకప్. బాబాయికి మూడో డోసు మొన్నే అయ్యింది, ఆ టీకా కార్డు మాత్రం బీరువాలో పెట్టాం.