కర్రీ పాయింట్ పెడుతున్నారా? రోజుకు ఎన్ని ప్యాకెట్లు అమ్మితే గిట్టుబాటో ముందే లెక్కేసుకోండి

కర్రీ పాయింట్ పెట్టాలనుకునేవాళ్లను "రోజుకు ఎంత అమ్మితే నష్టం లేకుండా బయటపడతారు?" అని అడిగి చూడండి. "ఐదారు వేలు వస్తే చాలండీ" అంటారు. ఐదా, ఆరా? కింద నేను వేసిన లెక్కలో రోజుకు ఐదు వేలు అమ్మే షాపు నెలకు 14,000 నష్టపోతుంది, ఆరు వేలు అమ్మే షాపు సరిగ్గా ఒడ్డున ఉంటుంది. కాబట్టి "ఐదారు" అనే మాట పక్కన పెట్టి ఒక నోట్‌బుక్ తీసుకోండి.

ఫార్ములా చాలా చిన్నది:

నెలవారీ ఫిక్స్‌డ్ ఖర్చు ÷ ఒక్కో ప్యాకెట్ మీద మిగులు = నెలకు అమ్మాల్సిన ప్యాకెట్లు

ఈ భాగహారం ఐదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. కష్టమంతా ఆ రెండు అంకెలు నిజాయితీగా వేయడంలోనే ఉంది. కింద అంకెలన్నీ ఉదాహరణకు అనుకున్నవి, మీ ఊరు, మీ సెంటర్‌ని బట్టి మార్చుకోండి.

ఒక్క ప్యాకెట్ అమ్మకపోయినా కట్టాల్సినవి

షట్టర్ అద్దె 15,000
వంట మాస్టర్ 22,000
హెల్పర్ 12,000
కరెంటు, నీళ్లు 4,000
మీ జీతం 20,000
పెట్టుబడి మీద వడ్డీ 6,000
సామాను తరుగు 2,000
రిపేర్లు, ఫోన్, శుభ్రం చేసే సామాను, చిల్లర ఖర్చులు 3,000

మొత్తం 84,000.

ఇందులో మీ జీతం వేయడానికి చాలామందికి మనసొప్పదు. "సొంత షాపుకి జీతమేంటండీ, మిగిలిందే మనది" అంటారు. పొద్దున్నే రైతుబజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చి, రాత్రి పదింటికి షట్టర్ దించేదాకా మీరు నిలబడకపోతే ఆ పనికి ఇంకొకరిని పెట్టుకోవాల్సిందే కదా, వాళ్లు ఊరికే చేయరు కదా. ఇంట్లో వాళ్లు కూరగాయలు తరిగిపెడుతుంటే వాళ్ల కూలీ కూడా రాయండి. షాపు మీ సొంత ఇంటి ముందు గదిలోనే ఉన్నా, బయటి వాళ్లకు ఇస్తే ఎంత అద్దె వచ్చేదో అంత వేయాలి.

వడ్డీ సంగతి. మొత్తం పెట్టుబడి 3 లక్షలు అనుకుందాం: స్టవ్‌లు, ఫ్రిజ్, గిన్నెలు, బోర్డు కలిపి 1,20,000, షాపు అడ్వాన్స్ 1,00,000, చేతిలో తిప్పుకోవడానికి 80,000. ఇదంతా రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,000. సొంత డబ్బు అయితే బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ అయినా రాసుకోండి. చీటీ పాడి తెచ్చిన డబ్బుకు వడ్డీ లేదనుకునేవాళ్లు ఉన్నారు, పాటలో వదులుకున్న సొమ్మే దాని వడ్డీ. అడ్వాన్స్ లక్ష మాత్రం ఖర్చు కింద రాయకండి, ఖాళీ చేసేటప్పుడు తిరిగొస్తుంది (రంగుల పేరు చెప్పి ఓనర్ కొంత పట్టుకుంటాడు, అది వేరే సంగతి). సామాను 1,20,000 ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే 60 నెలలకు భాగిస్తే తరుగు 2,000.

ప్యాకెట్ ఖర్చు, మిగిలిపోయే కూర

పావు కిలో కూర ప్యాకెట్ 40 రూపాయలకు అమ్ముతున్నారు. కూరగాయలు, నూనె, మసాలా 15, గ్యాస్ 2, కవరు 1, మొత్తం 18. నూనె ఎంత పడుతుందో గుర్తున్నంతలో చెప్పమంటే ఏ మాస్టరూ సరిగ్గా చెప్పలేడు, అందుకని ఒక వారం రోజులు తూకం వేసి రాయండి. గ్యాస్‌కు తేలిక దారి ఉంది. 19 కిలోల సిలిండర్ మార్చిన ప్రతిసారీ గోడ మీద తేదీ రాసి, రెండు తేదీల మధ్య ఎన్ని ప్యాకెట్లు కట్టారో చూడండి. 1,900 రూపాయల సిలిండర్‌కు 950 ప్యాకెట్లు వస్తే ఒక్కోదానికి 2 రూపాయలు.

ఇక అసలు సంగతి. 100 ప్యాకెట్లు కడితే 100 అమ్ముడుపోవు. పది మిగులుతాయి, రాత్రి పనివాళ్లకు ఇస్తారు, లేదా పారబోస్తారు. 100 ప్యాకెట్లకు 1,800 ఖర్చయింది, అమ్మింది 90. అంటే అమ్మిన ఒక్కో ప్యాకెట్‌కు ఖర్చు 20, మిగులు 20.

84,000 ÷ 20 = 4,200 ప్యాకెట్లు. నెలకు రెండు సెలవులు తీసేసి 28 రోజులకు పంచితే రోజుకు 150 ప్యాకెట్లు, అంటే 6,000 రూపాయల అమ్మకం.

ఇదే లెక్కను మీ జీతం, వడ్డీ, తరుగు, మిగిలిపోయిన కూర వదిలేసి, నెలకు 30 రోజులూ తెరుస్తామనుకుని వేస్తే? 56,000 ÷ 22, రోజుకు 85 ప్యాకెట్లు వస్తుంది. ఈ 85కీ ఆ 150కీ మధ్యలో ఉన్న షాపులే బయటికి కళకళలాడుతూ కనిపిస్తాయి, గల్లాపెట్టెలో రోజూ డబ్బు ఉంటుంది, ఏడాది తిరిగేసరికి మాత్రం ఓనర్‌కు అప్పు పెరిగి ఉంటుంది, ఎందుకు పెరిగిందో ఆయనకూ అర్థం కాదు.

రేటు ఐదు రూపాయలు కదిలిస్తే

పక్క సందులో కొత్త కర్రీ పాయింట్ తెరిచి 35కే ఇస్తున్నారని టెన్షన్‌తో మీరూ తగ్గించారనుకోండి. మిగులు 15కు పడుతుంది, 84,000 ÷ 15 = 5,600, రోజుకు 200 ప్యాకెట్లు అమ్మాలి. ఐదు రూపాయలు తగ్గించినందుకు యాభై ప్యాకెట్లు అదనం, అవీ నష్టం లేకుండా ఉండటానికే. అదే 45 చేస్తే 120 చాలు. అంటే రేటు పెంచాక రోజుకు 150 మందిలో 30 మంది పోయినా మీరు అక్కడే ఉంటారు. రేటు తగ్గించడం ఈ వ్యాపారంలో నాకు ఎప్పుడూ నచ్చని పని, కూర రుచి బాగుంటే అస్సలు అక్కర్లేదు. టమాటా, నూనె ఒక్కసారిగా పెరిగి అమ్మిన ఒక్కో ప్యాకెట్‌కు ఖర్చు 4 రూపాయలు ఎక్కువైతే మిగులు 16, అప్పుడు రోజుకు 188 కావాలి. అలాంటి నెలల్లో టమాటా తక్కువ పడే కూరలకు మారడమే మేలు.

డెలివరీ యాప్‌లో పెట్టే ముందు ఇది చూడండి. కమిషన్ 25 శాతం అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ కలిసి 29.5 అవుతుంది, 40 రూపాయల మీద 11.80. కారకుండా ఉండే డబ్బాకు ఇంకో 4. చేతిలో మిగిలేది 4.20. కౌంటర్ మీద ఒక ప్యాకెట్ అమ్మితే వచ్చేదానికి యాప్‌లో దాదాపు ఐదు అమ్మాలి. యాప్‌లో రేటు వేరుగా పెట్టకపోతే ఆర్డర్ల మోత తప్ప ఏమీ మిగలదు.

జీఎస్టీ ఇంకో చోట కూడా తగులుతుంది. నెలకు 1,68,000 అమ్మకం అంటే ఏడాదికి 20,16,000. ఇలాంటి తిండి వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు, అంటే మీరు లాభం మొహం చూడకముందే ఆ గీత దాటేస్తారు. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులకు ఉన్న తేలిక జీఎస్టీ పద్ధతి) అమ్మకం మీద 5 శాతం కట్టాలి, దాన్ని కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ప్యాకెట్‌కు 2 రూపాయలు పోయి మిగులు 18 అవుతుంది, రోజుకు 150 కాస్తా 167. ఆడిటర్‌ను ఇప్పుడే ఒక మాట అడిగి పెట్టుకోండి.

ఒక్క కూరే అమ్మం కదా

నిజమే. అప్పుడు సగటు తీయాలి. ప్రతి 100 ప్యాకెట్లలో కూరలు 50 (మిగులు 20), పప్పు, సాంబారు, పచ్చడి 30 (మిగులు 18), చికెన్ 20 (మిగులు 30) అనుకుందాం. 1,000 + 540 + 600 = 2,140, సగటున ప్యాకెట్‌కు 21.40. దాంతో భాగిస్తే రోజుకు 141 ప్యాకెట్లు చాలు.

కానీ ఈ సగటు ఏడాదంతా ఒకలా ఉండదు. కార్తీక మాసం రాగానే చికెన్ పడిపోతుంది. 100కి 20 పోయేది 5 పోతే, తగ్గిన 15 బదులు ఇంకేమీ అమ్ముడుపోకపోతే, ప్రతి 100కి 450 రూపాయల మిగులు పోయినట్టే, రోజుకు 140 లెక్కన నెలకు 17,600 దాకా. మీ జీతం దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. ఆ నెల మాస్టర్‌తో ముందే మాట్లాడి పనీర్, పుట్టగొడుగులు, ఉల్లి వెల్లుల్లి లేని కూరలు దించాలి, చికెన్ తక్కువ వండాలి. మంగళ, గురు, శనివారాలు కొన్ని ఏరియాల్లో వారం వారం ఇదే కథ, కాబట్టి అమ్మకాల పుస్తకంలో వారం పేరు కూడా రాయండి.

పుస్తకం అన్నాను కాబట్టి ఇంకో మాట. యూపీఐ డబ్బులన్నీ మీ సొంత ఖాతాలోకి వచ్చి, అందులోంచే ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు పోతుంటే ఏ లెక్కా నిలవదు. షాపుకు వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టండి. రోజూ ప్యాకెట్లు ఎన్ని అమ్మారో లెక్కపెట్టడం కుదరకపోతే పొద్దున తీసిన కవర్లలోంచి మిగిలిన కవర్లు, మిగిలిన ప్యాకెట్లు తీసేయండి.

బ్యాంకు లోన్ ఉంటే వడ్డీ పైన వేసేశాం, అసలు కిస్తీ ఖర్చు కాదు గానీ జేబులోంచి మాత్రం పోతుంది. నెలకు 5,000 అసలు కడుతుంటే, చేతినుంచి పోని తరుగు 2,000 తీసేసి 87,000తో ఇంకో లెక్క వేయండి: రోజుకు 156. నెలాఖరున చేతిలో డబ్బు ఆడాలంటే చూడాల్సింది ఈ అంకెనే.

ఇప్పుడు మీరు షాపు అనుకుంటున్న వీధికి వెళ్లి, అక్కడ ఇప్పటికే నడుస్తున్న కర్రీ పాయింట్ ఎదురుగా పొద్దున 11 నుంచి 2 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా నిలబడి ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో లెక్కపెట్టండి. ఒక ఆదివారం, ఒక మామూలు రోజు, రెండూ చూడాలి. స్థిరపడిన షాపుకే 130 పోతుంటే మీకు మొదటి నెలలో 150 ఎక్కడినుంచి వస్తాయి? అద్దె తక్కువ షట్టర్ వెతకండి, లేదా మాస్టర్ బదులు మీరే గరిటె పట్టండి. మీరే వండితే ఆ 22,000 ఆగి 62,000 ÷ 20, రోజుకు 111తో బయటపడతారు. అయితే కౌంటర్ దగ్గర ఇంట్లో మనిషి ఎవరైనా నిలబడాలి, వాళ్ల కూలీ ఎంతో ఆ పుస్తకంలో రాయాలి.