రంగులు తర్వాత, ముందు కాగితం: యూఐ డిజైన్ నేర్పే ఒక చిన్న ప్రాజెక్టు

యూఐ డిజైన్, అంటే యాప్‌లో కనిపించే స్క్రీన్లూ బటన్లూ తీర్చిదిద్దడం, నేర్చుకుందామని కూర్చోగానే చాలామంది చేసే మొదటి పని ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) తెరిచి రంగులు వెతుక్కోవడం. నేనూ అదే చేశాను. కాలేజీ ప్రాజెక్టు కోసం రెండు వారాలు కష్టపడి పన్నెండు స్క్రీన్లు గీశాను, నీడలూ గ్రేడియంట్లూ అన్నీ పెట్టాను, తీరా క్లాస్‌మేట్ చేతికి ఫోన్ ఇస్తే మొదటి స్క్రీన్ దగ్గరే ఆగిపోయి "ఇప్పుడేం నొక్కాలి?" అన్నాడు. ఆ దెబ్బతో పద్ధతి మొత్తం తిరగేశాను.

ముందు పని చిన్నదిగా ఎంచుకోండి. "లైబ్రరీ యాప్" అంటే సముద్రం. "తీసుకున్న పుస్తకం గడువు పొడిగించుకోవడం" అంటే నాలుగైదు స్క్రీన్లలో అయిపోతుంది, అది చాలు. ఆ పని నిజంగా చేసినవాళ్లు ముగ్గురిని పట్టుకుని మాట్లాడండి. కాకపోతే "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. పోయినసారి గడువు దాటినప్పుడు ఏం చేశారు, ఎక్కడ చిరాకు పుట్టింది, అవి అడగండి.

ఇప్పుడు ఒక ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో స్క్రీన్ గీయండి. పెన్ను వద్దు, లావు మార్కర్ వాడండి. దాంతో చిన్న చిన్న వివరాలు గీయడం ఎలాగూ కుదరదు, కాబట్టి ముఖ్యమైనవే మిగులుతాయి. కీబోర్డుకి ఒక చీటీ, మెనూకి ఒక స్టిక్కీ నోటు. టీమ్‌లో ఒకరు "కంప్యూటర్" అవుతారు: ఎదుటివాళ్లు వేలితో ఏది ముట్టుకుంటే దానికి తగ్గ కాగితం మార్చడమే వాళ్ల పని. కంప్యూటర్ మాట్లాడకూడదు.

అసలు నేర్చుకునేదంతా ఇక్కడే ఉంది. "రెన్యూ బటన్ నొక్కండి" అని చెబితే జవాబు మీరే చెప్పేసినట్టు. "ఈ పుస్తకం రేపు తిరిగిచ్చేయాలి, మీకు ఇంకో వారం కావాలి" అని మాత్రం చెప్పి, మనసులో అనుకుంటున్నది పైకి అంటూ చేయమనండి, ఆ తర్వాత నోరు మూసుకుని చూడండి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఒకమ్మాయి మా కాగితం మీద గడువు తేదీనే మూడుసార్లు నొక్కింది, కింద అంత పెద్ద బటన్ ఉంటే చూడదేంటని నాకు లోపల ఒకటే టెన్షన్, చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరు కూడా తేదీనే నొక్కారు. తప్పు వాళ్లది కాదు, మారాలనుకుంటున్నది తేదీ కాబట్టి చెయ్యి అక్కడికే పోతుంది. బటన్‌ని తేదీ పక్కకి జరిపాం, గొడవ పోయింది.

ఎంతమందితో పరీక్షించాలి? వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క ప్రకారం ఐదుగురితోనే సుమారు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఒక్కొక్కరూ సగటున 31 శాతం సమస్యలు బయటపెడతారన్న అంచనా మీద నడిచే లెక్క అది, కాబట్టి శిలాశాసనంలా పట్టుకోకండి. ఒకేసారి పదిహేను మందిని కూర్చోబెట్టే కంటే ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ కొత్త ఐదుగురితో చూడటం మేలు.

ఫిగ్మా ఇప్పుడు తెరవండి, అదీ బూడిదరంగులోనే. దూరాలన్నీ 8 గుణిజాల్లో (8, 16, 24 అలా) పెట్టుకుంటే స్క్రీన్ దానంతటదే కుదురుగా కనిపిస్తుంది. నొక్కే చోటు యాపిల్ సూచనల ప్రకారం కనీసం 44 పాయింట్లు, గూగుల్ డిజైన్ సూచనలైన మెటీరియల్ డిజైన్‌లో 48 డీపీ (పాయింటు, డీపీ రెండూ స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్లు). రంగులు వేసేటప్పుడు మామూలు అక్షరాలకీ వెనకున్న రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3:1 చాలు. లేత బూడిద మీద తెల్ల అక్షరాలు ఎంత ముద్దొచ్చినా ఎండలో కనిపించవు. తెలుగులో రాస్తున్నారా, లైన్ స్పేసింగ్ కాస్త పెంచండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతాయి.

"పుస్తకం పేరు" అని ఉత్తుత్తి మాట పెట్టి వదిలేయకండి, దొరికినవాటిలో అతి పొడుగు పేరు తెచ్చి పెట్టి చూడండి. డిజైన్ విరిగేది అక్కడే. జాబితా ఖాళీగా ఉంటే ఏం కనిపిస్తుంది, నెట్ పోతే ఏమవుతుంది, ఆ పుస్తకం కోసం వేరేవాళ్లు వరుసలో ఉండి గడువు పెంచడం కుదరకపోతే ఏ మాట చెబుతారు? మేం మొదట అక్కడ "ఎర్రర్" అని మాత్రమే రాశాం, సిగ్గుచేటు.

పాత కాగితాలు పారేయకండి, ఫోటో తీసి రిపోర్టులో పెట్టండి. ఏది ఎందుకు మారిందో పక్కన ఒక్క లైను రాయండి, మార్కులు వేసేవాళ్లు అదే చూస్తారు.

ఇంకొకటి. ఫిగ్మా ప్రోటోటైప్‌లో (నొక్కితే స్క్రీన్లు మారే నమూనాలో) ఖాళీ చోట నొక్కితే, నొక్కదగ్గ చోట్లన్నీ నీలంగా మెరుస్తాయి. పరీక్షకి ముందు సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ సూచనలు ఆపేయండి. లేకపోతే వాళ్లు మీ డిజైన్ చూసి కాదు, ఆ నీలం మెరుపు చూసి దారి పట్టేస్తారు.