పత్తి మిల్లులో కమురు వాసన వస్తాందా? సమస్య - పరిష్కారం

ఆదోని చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో (పత్తి నుంచి గింజ తీసి దూది వేరు చేసే మిల్లుల్లో) పనిచేసే మేస్త్రీలకు, ఆపరేటర్లకు, గుమాస్తాలకు ఇది. సీజన్లో పత్తి బండ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతానే ఉంటాయి, ఆగి చూసేంత టైం ఎవరికీ ఉండదు, మంట కనపడినాకనే అందరూ ఉరుకుతారు. మంటకి ముందు మిషన్లు ఏదో ఒకటి చెప్తానే ఉంటాయి.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతాంది

ఎంసీబీ అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడి లైన్ ఆపే స్విచ్చి. అది పడుతోందంటే లోడ్ ఎక్కువై ఉండాలి, లేదా యాడో షార్ట్ ఉండాలి. ఆ లైన్ మీదున్నవన్నీ తీసేసి ఒక్కోటే వేసుకుంటా రండి, ఏది వేస్తే పడిందో తప్పు దాంట్లోనే. అన్నీ తీసినా పడిందంటే వైరింగే, ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే. 16 ఆంప్స్‌ది పడుతోందని 32 పెట్టించేది, ఫ్యూజులో రాగితీగ చుట్టేది మాత్రం వద్దు, అప్పుడు ఎంసీబీ పడదు గానీ వైరు గోడలోనే కాలుతుంది.

మోటారు గుయ్‌మంటాంది, చెయ్యి పెట్టలేనంత కాలుతాంది

త్రీఫేజ్‌లో ఒక ఫేజు పోయినా మోటారు చానాసార్లు తిరుగుతానే ఉంటుంది, మిగతా రెండు ఫేజుల మీద కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ కాలిపోతుంది. వెంటనే ఆపి మూడు ఫేజులూ చెక్ చేయించండి, ఒక ఫేజు పోతే మోటారుని తానే ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేకుంటే పెట్టించండి. ఫేజులు బాగుంటే వెనక ఫ్యాన్ కవర్ చూడండి, దాని జాలీకి దూది పీచు మందంగా పట్టుకుని గాలి ఆడకపోతే మోటారు చల్లబడేదెట్ల? మెయిన్ ఆఫ్ చేసి బ్రష్షుతో తీయండి. ఎయిర్ పైపుతో కొడితే పీచంతా లేచి పక్కనున్న ప్యానెల్ బోర్డులో పడుతుంది. బేరింగ్‌లో గరగర శబ్దం వస్తే గ్రీజు సంగతి చూడాలి, మరీ కూరి పెట్టినా వేడెక్కుతుంది.

జిన్ను లోపల టక్‌మని శబ్దం, నిప్పురవ్వ

పత్తితో పాటు రాయో, మేకో, తీగముక్కో వచ్చింటుంది. మ్యాగ్నెట్ పెడితే ఇనుము ఆగుతుంది, రాళ్లు ఆగవు, వాటికి ఫీడింగ్ దగ్గర మనిషి కన్నే దిక్కు. రవ్వ చూసినారంటే ఫీడింగ్ ఆపి, దూది కుప్ప దగ్గరా, దూదిని ఒత్తి బేలు (మూట) కట్టే ప్రెస్ దగ్గరా ఉన్నోళ్లకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ రవ్వ అక్కడ ఆగదు, దూదితో పాటే పోయి బేల్లో దూరుతుంది.

ఆర్పేసిన బేలు నుంచి మళ్లీ పొగ

అన్నిటికంటే మోసం చేసేది ఇదే. 170 కిలోల దూదిని గట్టిగా ఒత్తి కట్టిన బేలు అది, పైన నీళ్లు పోస్తే పైపొర తడుస్తుంది, లోపల నిప్పు కొద్దిపాటి గాలితోనే, మంట లేకుండా రోజుల తరబడి రాజుతానే ఉంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఫోర్ట్ స్టికిన్ ఓడలో కూడా నిప్పు మొదలైంది పత్తి బేళ్లున్న అరలోనే, చానాసేపు నీళ్లు కొట్టినా అదుపులోకి రాలేదు, అదే ఓడలో పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. మన దగ్గర అగ్నిమాపక వారోత్సవాలు ఏప్రిల్ 14న మొదలయ్యేది ఆ రోజు చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగానే.

అందుకని అనుమానం వచ్చిన బేలుని గోడౌన్‌లో ఉంచొద్దు, లారీకి అసలే ఎక్కించొద్దు. బయట ఖాళీ జాగాలో, వేరే సరుక్కి దూరంగా పెట్టండి. నీళ్ల పైపు రెడీగా పట్టుకున్నాకే కట్లు తెంచండి, కట్టు తెగితే గాలి దూరి భగ్గుమంటుంది, ఆ పక్కన మొహం పెట్టొద్దు. పొర పొర విప్పి లోపలిదాకా తడపాలి. విప్పడం కుదరకపోతే కనీసం వారమన్నా బయటే పెట్టి కనిపెట్టుకోండి, సేటు లోడు పంపాలని తొందర చేసినా సరే.

సిలిండర్ ఉంది, ఆరలేదు

కరెంటు బోర్డు కాలుతుంటే మెయిన్ ఆఫ్ చేసి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో మంట ఆర్పే సిలిండర్) కొట్టాలి, నీళ్లు పోయొద్దు. అదే సీఓటూ దూది మీద కొడితే ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది, దూదికి నీళ్లే కావాలి. పౌడర్ సిలిండర్ ముల్లు పచ్చ గీతలో ఉందా చూసుకోండి. సీఓటూకి ముల్లుండదు, తూకం వేసే తెలుసుకోవాలి. కొట్టేటప్పుడు దాని గొట్టం మూతి పట్టుకుంటే చెయ్యి చలికి కాలుతుంది, పిడి పట్టుకోండి.

ఒక సిలిండర్‌తో ఆరలేదంటే ఇంకో దానికోసం వెతక్కుండా మనుషుల్ని బయటికి పంపించి 101కి గానీ 112కి గానీ కొట్టండి. రాత్రి షిఫ్టులో దొంగల భయంతో షట్టర్‌కి బయటినుంచి తాళం వేసే అలవాటుంటే ఈరోజే మాన్పించండి, చట్టం ప్రకారం కూడా మంటొస్తే కూలోళ్లు తప్పించుకునే దారి ఉండి తీరాలి, ఆ దారి వాళ్లకు ముందే తెలిసుండాలి.