చిన్న యాక్సిడెంటు తర్వాత కారు రిపేరు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా చేయించుకోవాలి?

విశాఖ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ముందున్న వ్యాను హఠాత్తుగా ఆగడంతో మా మేనల్లుడి కారు వెళ్ళి దాని వెనుక బంపరుకు తగిలింది. "మావయ్యా, పెద్దగా ఏమీ కాలేదు, ముందు బంపరు ఒక్కటే పగిలింది" అని వాడు నాకు ఫోను చేసింది మూడు రోజుల తర్వాత. అప్పటికే ఒక షెడ్డులో బంపరు ఊడదీయించాడు, పగిలిన ముక్కలు పాత సామాన్లవాడికి వెళ్ళిపోయాయి, కొత్త బంపరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. లోపల ఏసీ కండెన్సరు కారుతోందన్న సంగతి ఆ తర్వాత బయటపడింది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టాన్ని లెక్కగట్టే సర్వేయరు వచ్చేసరికి చూడడానికి విప్పేసిన కారు తప్ప ఏమీ మిగలలేదు. కండెన్సరుకు దెబ్బ తగిలింది ఆ రోజేనని చెప్పడానికి ఒక్క ఆధారం కూడా లేకపోవడంతో ఆ ఖర్చు మొత్తం వాడే పెట్టుకోవలసి వచ్చింది.

పదిహేనేళ్ళుగా మా ఇంట్లోనూ, బంధువుల్లోనూ, పనిచేసే చోటా ఎవరి కారుకు దెబ్బ తగిలినా కాగితాలు పట్టుకుని తిరిగే బాధ్యత నాకే వస్తోంది. మంచి పాలసీ చేతిలో ఉండి కూడా చాలామంది కేవలం పనుల వరస తప్పడం వల్ల నష్టపోవడం చూసి చూసి బాధపడి, ఆ వరసను ఇక్కడ రాస్తున్నాను.

రోడ్డు మీద

ముందు మనుషులను చూడాలి. ఎవరికైనా గాయమైతే 108కి, పోలీసులు కావలసి వస్తే 112కి ఫోను చేయండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, 24 గంటల లోపు పోలీసులకు తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు బాధ్యత. ఎవరికీ ఏమీ కాకుండా మీ కారుకు మాత్రమే సొట్టలు పడితే మామూలుగా ఎఫ్‌ఐఆర్ అవసరం ఉండదు.

తర్వాత ఫోటోలు. కారు కదపకముందు నాలుగు మూలల నుంచి నాలుగు, దెబ్బ తగిలిన చోట దగ్గరగా రెండు, ఎదుటి బండి నంబరు ప్లేటు ఒకటి, ఏ జంక్షనో తెలిసేలా దూరం నుంచి ఒకటి, మొత్తం ఎనిమిది తీయాలి, అంతకన్నా తగ్గకూడదు. ఎన్‌ఏడీ ఫ్లైఓవరు లాంటి చోట, గాజువాక వైపు హైవే మీద అయితే హజార్డ్ లైట్లు వేసి, నిమిషంలో ఆ పని ముగించి కారును ఎడమ పక్కకు తీసేయండి. ఎదుటివారి పేరు, ఫోను నంబరు రాసుకోండి. అక్కడికక్కడే రెండు వేలో మూడు వేలో ఇచ్చిపుచ్చుకుని తేల్చుకోవద్దు, ఎందుకంటే బంపరు వెనుక ఏం జరిగిందో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు.

కారును మళ్ళీ స్టార్ట్ చేయకముందు వంగి కింద చూడండి. ఏసీ నుంచి కారే నీటికి రంగు ఉండదు, జిగురు ఉండదు. రంగుగా, వేళ్ళకు జారుడుగా తగిలితే అది కూలెంట్, అంటే రేడియేటరుకు దెబ్బ తగిలిందన్నమాట. అలాంటి కారును "షెడ్డు దగ్గరే కదా" అని నడుపుకుంటూ పోతే ఇంజను పట్టేస్తుంది. ప్రమాదం జరిగాక అవసరమైన రిపేరు చేయించకుండా నడిపినందువల్ల పెరిగిన నష్టం యజమానిదేనని పాలసీ షరతుల్లో స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఆ ఇంజను ఖర్చు కంపెనీ ఇవ్వదు. టోయింగ్ బండి పిలిపించండి.

క్లెయిమ్ వేయాలా, వద్దా?

ఇంటికి వచ్చాక పాలసీ తీసి ఈ లెక్క వేసుకోవాలి. ఏ క్లెయిమ్‌లోనైనా తప్పనిసరిగా మన వాటా ఒకటి ఉంటుంది: 1500 సీసీ వరకు ఉన్న కారుకు 1,000 రూపాయలు, ఆ పైన 2,000. ఆ తర్వాత తరుగు కోత, అంటే భాగాలు పాతబడినందుకు తగ్గించే మొత్తం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగం కోస్తారు. గాజుకు కోత లేదు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతుంది. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు కారుకు 25 శాతం, అయిదేళ్ళు దాటితే 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును సామాను ఖర్చుగా లెక్కగట్టి అందులో సగం తగ్గిస్తారు. అంటే 8,000 రూపాయల బంపరుకు 4,000, 12,000 రూపాయల పెయింటింగుకు 1,500 మన జేబులోంచే వెళ్తాయి. జనం "బంపర్ టు బంపర్" అని పిలిచే జీరో డెప్ పాలసీ ఉంటే ఈ కోత ఉండదు, కానీ చాలా పాలసీల్లో ఏడాదికి ఇన్ని క్లెయిములేనన్న పరిమితి ఉంటుంది, అది చూసుకోండి.

అందరూ మరచిపోయేది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేని ఏళ్ళు పెరిగేకొద్దీ సొంత నష్టం ప్రీమియం (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టేది) మీద 20, 25, 35, 45, 50 శాతం చొప్పున తగ్గింపు పెరుగుతూ వస్తుంది, ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడిపోతుంది. తగ్గింపు లేకుండా ఆ ప్రీమియం ఏడాదికి 10,000 అనుకుందాం. మీరు 50 శాతం దగ్గర ఉంటే 5,000 కడుతున్నారు. క్లెయిమ్ తర్వాత వరుసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500 కట్టి మళ్ళీ పాత చోటికి చేరతారు. అయిదేళ్ళలో మీరు అదనంగా కట్టేది 12,500 రూపాయలు. బోనస్ రక్షణ విడిగా కొనుక్కోనివారు ఆరేడు వేల రూపాయల రిపేరుకు క్లెయిమ్ వేయడం శుద్ధ దండగ. తప్పు ఎదుటివారిదే అయినా, మీ పాలసీ మీద సొంత నష్టం క్లెయిమ్ తీసుకుంటే బోనస్ పోతుంది.

కంపెనీకి చెప్పడం

క్లెయిమ్ వేద్దామనుకుంటే అదే రోజు చెప్పాలి, మరునాడు కూడా ఆలస్యమే. ఈ మాట విశాఖ వారికి మరీ గట్టిగా చెబుతాను. బీచ్ రోడ్డు మీద, ఎండాడలో, భీమిలి దారిలో ఉండేవాళ్ళకు ఉప్పు గాలి సంగతి తెలిసిందే. పెయింట్ లేచిపోయి రేకు బయటపడిన చోట కొద్ది రోజుల్లోనే ఎర్రటి తుప్పు పొర కడుతుంది. సర్వేయర్లు పాత దెబ్బను గుర్తుపట్టేది ముఖ్యంగా ఆ తుప్పును చూసే. వారం తర్వాత చూపిస్తే నిజంగా కొత్తగా పడిన సొట్ట కూడా పాతదన్న అనుమానానికి లోనవుతుంది. తేదీ, సమయం ఉన్న ఆ ఎనిమిది ఫోటోలు అప్పుడే అక్కరకు వస్తాయి.

క్లెయిమ్ నంబరు రాసుకుని, ఆర్‌సీ, లైసెన్సు, పాలసీ నకళ్ళు సిద్ధం చేసుకోండి. ఫారం మీ చేత్తోనే నింపండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఏజెంటుకు ఇచ్చేవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. కారు ఎవరు నడిపారో వారి పేరే రాయాలి. లైసెన్సు గడువు తీరిన తమ్ముడి బదులు అన్న పేరు రాస్తే ఏ సీసీ కెమెరా ఫుటేజీలోనో అది బయటపడుతుంది, అప్పుడు క్లెయిమ్ మొత్తం తిరస్కరించడానికి ఆ ఒక్క అబద్ధం చాలు. అలాగే నిరుడు గోడకు గీసుకున్న తలుపును కూడా ఇందులోనే కలిపేయాలని చూడకండి. ఒక ప్రమాదానికి ఒక క్లెయిమ్.

సర్వే: కారును రెండుసార్లు చూపించాలి

అసలు పని ఇది, ఇక్కడ తొందరపడితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. సర్వేయరు గారు కారును రెండుసార్లు చూడాలి. విప్పకముందు ఒకసారి, విప్పిన తర్వాత ఇంకోసారి. ఈ రెండింటి మధ్య ఒక్క భాగం కూడా షెడ్డు దాటి బయటకు పోకూడదు, ఒక్క కొత్త భాగం కూడా బిగించకూడదు.

మొదటిసారి చూసేది దెబ్బ ఎటు నుంచి, ఎంత బలంగా తగిలిందో తెలుసుకోవడానికి. బంపరు పగిలిన తీరు, బోనెట్ పైకి లేచిన తీరు, ఫెండరు పక్కకు జరిగిన తీరు కలిపి చూస్తే మీరు ఫారంలో రాసిన కథకు అది సరిపోతుందో లేదో ఆయనకు అర్థమవుతుంది. అందుకే ఆయన రాకముందు ఎవరినీ స్క్రూ డ్రైవరు పట్టనివ్వకండి. వేలాడుతున్న బంపరును తాడుతో కట్టి తీసుకువెళ్ళినా పరవాలేదు.

రెండోసారి చూడడం చాలామంది వదిలేస్తున్నారు. పైకి బంపరు, హెడ్‌లైటు కనిపిస్తాయి, వాటికి ఎస్టిమేటు వేస్తారు, కంపెనీ ఒప్పుకుంటుంది, పని మొదలవుతుంది. కానీ ముందు బంపరు తీసి చూస్తే దాని వెనుక థర్మాకోలు లాంటి మెత్తటి దిమ్మ, దాని వెనుక ఇనప అడ్డపట్టీ, ఆ వెనుక ఏసీ కండెన్సరు, తర్వాత రేడియేటరు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. బంపరు ప్లాస్టిక్ వంగి మళ్ళీ తన ఆకారానికి వచ్చేస్తుంది కాబట్టి పైన చిన్న బీట మాత్రమే కనిపించినా, వెనుక పట్టీ వంగి కండెన్సరు మీద ఒరిగి ఉండవచ్చు. మేనల్లుడి కారులో జరిగింది అదే. కండెన్సరు సన్నటి రేకుల మధ్య రూపాయి బిళ్ళంత నల్లటి మరక, దాని మీద దుమ్ము అంటుకుని ఉంది. వేలితో తాకితే నూనె. ఏసీ గ్యాసు కారితే దానితో పాటు కంప్రెసరు నూనె బయటకు వచ్చి ఇలా మరకగా నిలుస్తుంది. గ్యాసు కంటికి కనిపించదు గానీ ఈ మరక కనిపిస్తుంది. బంపరు విప్పిన రోజునే ఈ మరకను సర్వేయరుకు చూపించి ఉంటే ఆ భాగం క్లెయిమ్‌లో చేరేది.

కాబట్టి విప్పే రోజు మీరు అక్కడ ఉండండి. ఒక పూట సెలవు పెట్టాల్సి వచ్చినా పెట్టండి. హెడ్‌లైటును పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవులు విరిగాయేమో, అడ్డపట్టీ వంగకుండా తిన్నగా ఉందో లేదో, వైర్లు ఎక్కడైనా తెగాయేమో చూసి ఫోటో తీసుకోండి. వెనుక దెబ్బ అయితే డిక్కీలో కార్పెట్ ఎత్తించి అడుగు రేకు ముడత పడిందేమో చూడాలి. తలుపుకు దెబ్బ అయితే లోపలి అట్ట తీయించి అద్దం పైకీ కిందికీ నడిపే యంత్రాన్ని పరీక్షించాలి. ఏం బయటపడినా సర్వీస్ అడ్వైజరు చేత అదనపు ఎస్టిమేటు రాయించి, దాన్ని సర్వేయరు ఒప్పుకునే దాకా పని ఆపించండి. "మేం చూసుకుంటాం సార్, మీరు వెళ్ళండి" అంటారు. నోటి మాట చాలదు, మెయిల్‌లోనో మెసేజ్‌లోనో ఒప్పుకోలు చూసి కదలండి.

సర్వేయరు ప్రతి భాగానికీ మార్చాలా, బాగుచేయాలా, అసలు ఒప్పుకోకూడదా అని రాస్తారు. ఏదైనా కాదంటే కారణం మర్యాదగా అడగండి, వాదనకు దిగకండి. పక్కనే నిలబడి వంగిన పట్టీని చూపిస్తే ఒప్పుకునే మనిషి, ఫోనులో గట్టిగా మాట్లాడితే ఒప్పుకోరు. సర్వే రిపోర్టు నకలు అడిగి తీసుకోండి.

ఈమధ్య చిన్న క్లెయిములకు ఫోనులో వీడియో తీసి పంపితే చాలంటున్నారు. గీతలకూ అద్దానికీ అది సరిపోతుంది. బంపరు వెనుక ఏదైనా ఉండే అవకాశం ఉంటే నేను ఎప్పుడూ మనిషినే రమ్మని అడుగుతాను, మీరూ అలాగే అడగండి.

ఎక్కడ చేయించాలి?

క్లెయిమ్ వేసే పని క్యాష్‌లెస్ (కంపెనీ తన వాటాను నేరుగా వర్క్‌షాపుకే కట్టే పద్ధతి) ఉన్న వర్క్‌షాపులోనే, సొంత డబ్బుతో చేయించే చిన్న టింకరింగ్ మాత్రం ఆటోనగర్‌లో నమ్మకమైన చేతిలోనే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆటోనగర్‌లో సొట్టను లోపలి నుంచి తట్టి తట్టి అసలు రేకునే సరిచేసే పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సొట్ట మీద పుట్టీ దట్టంగా పూసి రుద్దేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఒక చిన్న అయస్కాంతం మీతో తీసుకెళ్ళి, వాళ్ళు ఇదివరకు చేసిన కారు రేకు మీద పెట్టి చూడండి. పుట్టీ మందంగా ఉంటే అది అతుక్కోదు. మన ఊరి గాలిలో పుట్టీ కింద తేమ చేరి ఏడాదికే బుడగలు లేస్తాయి.

కారు తెచ్చుకునేటప్పుడు

పగటి వెలుగులో, ఉదయం పూటే తీసుకోండి. ట్యూబులైటు కింద రెండు రంగులు ఒకలాగే కనిపిస్తాయి. బోనెట్‌కూ ఫెండరుకూ మధ్య సందులో వేలు పెట్టి రెండు పక్కలా ఒకే వెడల్పు ఉందో లేదో చూడండి, ఏసీ పది నిమిషాలు నడపండి. పాత భాగాలు కంపెనీ తనిఖీ అయ్యేదాకా వర్క్‌షాపులోనే ఉంచాలి. బిల్లులో మీ వాటా కింద రాసిన ప్రతి అంకెకూ ఏ కోత వల్ల వచ్చిందో అడిగి రాయించుకోండి.

కంపెనీ అన్యాయంగా తగ్గించిందని మీకు నమ్మకంగా ఉంటే ముందు వారి ఫిర్యాదుల అధికారికి రాయాలి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాది లోపు ఇలాంటి ఫిర్యాదులను తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోండి. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు.

మరుసటి ఏడాది పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకుంటే నో క్లెయిమ్ బోనస్ ఎంత అని అడిగిన చోట నిజం రాయాలి. పాత కంపెనీ రికార్డులో మీ క్లెయిమ్ ఉంటుంది. లేని బోనస్ రాసి రెండు వేలు మిగుల్చుకున్నవారికి తర్వాతి ప్రమాదం నాడు ఆ సంతకమే అడ్డం వస్తుంది. పునరుద్ధరణ ఫారం నింపేటప్పుడు పాత క్లెయిమ్ కాగితాన్ని పక్కన పెట్టుకుని నింపండి.